విడాకులు ఒకటి, భరణం ఒకటి, ఆస్తి ఒకటి

ఫ్యామిలీ కోర్టు వరండాలో వినపడే ప్రశ్నలు నిజానికి చాలా తక్కువ. మనుషులు మారతారు, ఊళ్ళు మారతాయి, అడిగేది మాత్రం అదే. "విడాకులిస్తే ఆస్తిలో సగం రాసివ్వాలటగా?" అని అబ్బాయి తండ్రి అడుగుతాడు. "విడాకులైతే తప్ప భరణం రాదంటున్నారు, నిజమేనామ్మా?" అని అమ్మాయి తల్లి అడుగుతుంది. సగం ఆస్తి మాట నిజం కాదు. విడాకులైతేనే భరణమన్న మాటా నిజం కాదు. అయినా ఈ రెండు మాటలే పట్టుకుని మన దగ్గర ఎన్నో రాజీలు జరుగుతున్నాయి. ఎన్నో కాపురాలు అటూ ఇటూ కాకుండా ఏళ్ళ తరబడి నిలిచిపోతున్నాయి.

చిక్కు ఎక్కడంటే, విడాకులు, భరణం, ఆస్తి, ఈ మూడింటినీ మనవాళ్ళు ఒకే మూట కట్టేస్తారు. "విడాకుల కాగితం మీద సంతకం పెట్టు, నగలు ఇచ్చేస్తాం" అని ఒకరంటారు. "భరణం కేసు వెనక్కి తీసుకో, అప్పుడు చూద్దాం" అని ఇంకొకరంటారు. చట్టం అలా చూడదు. పెళ్ళి నిలుస్తుందా రద్దవుతుందా అన్నది ఒక కేసు. పూట గడవడం ఇంకో కేసు. ఏ ఆస్తి ఎవరిదన్నది మరో కేసు. కోర్టు కాగితాల మీద నంబర్లు కూడా వేరే ఉంటాయి. విడాకులకు ఓ.పి., భరణానికి ఎం.సి., గృహహింసకు డి.వి.సి. అని రాస్తారు. అన్నీ ఒకేసారి నడవచ్చు, ఒకటి లేకుండా ఇంకొకటీ నడవచ్చు.

ఈ ప్రసంగంలో నేను చెప్పేది చాలావరకు 1955 నాటి హిందూ వివాహ చట్టం గురించి. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం ఉంది. మతాంతర పెళ్ళిళ్ళు మామూలుగా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద జరుగుతాయి. భరణం సంగతి మాత్రం అన్ని మతాలవారికీ పనికొస్తుంది.

ముందుగా స్టాంపు కాగితం సంగతి చెప్పాలి. ఎందుకంటే పల్లెల్లోనే కాదు, పట్నాల్లో చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లోనూ ఇది జరుగుతోంది. పెద్దమనుషులు కూర్చుంటారు. వంద రూపాయల స్టాంపు కాగితం వస్తుంది. ఇక మీదట మాకూ మాకూ సంబంధం లేదు, ఎవరికి నచ్చినవారిని వారు పెళ్ళి చేసుకోవచ్చు అని రాయిస్తారు. ఇద్దరూ సంతకాలు పెడతారు, సాక్షులు పెడతారు, నోటరీ ముద్ర పడుతుంది. కొంత డబ్బు చేతులు మారుతుంది. అందరూ భోజనాలు చేసి వెళ్ళిపోతారు. ఆ కాగితంతో పెళ్ళి రద్దు కాలేదు. నోటరీకి సంతకం ఎవరిదో ధ్రువీకరించే అధికారమే ఉంది గానీ పెళ్ళిని రద్దుచేసే అధికారం లేదు.

"మా కులంలో ఇలా విడిపోయే ఆచారం ఉందండీ" అంటారు. ఉండవచ్చు. హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్‌లో ఆచారం ప్రకారం జరిగే విడాకులకు చోటుంచారు. అయితే ఆ ఆచారం చాలాకాలంగా, ఎడతెగకుండా నడుస్తోందని ఎవరు చెబుతున్నారో వాళ్ళే కోర్టులో రుజువు చేయాలి. ఊళ్ళో నలుగురు వచ్చి అవునంటే సరిపోదు. రుజువు కాకపోతే మొదటి పెళ్ళి ఉన్నట్టే, తర్వాత చేసుకున్నది చెల్లనట్టే. ఈ సంగతి వెంటనే బయటపడదు. పదిహేనేళ్ళకో ఇరవయ్యేళ్ళకో ఆయన చనిపోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం దరఖాస్తు పెట్టినప్పుడు, సర్వీసు రిజిస్టరులో ఇంకో పేరు కనపడినప్పుడు బయటపడుతుంది. అప్పటికి ఆ పెద్దమనుషుల్లో సగంమంది ఉండరు.

హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2025 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అందులో ఒకామె మొదటి భర్త నుంచి ఒప్పంద పత్రం రాసుకుని విడిపోయింది, కోర్టు డిక్రీ తీసుకోలేదు. రెండో ఆయన ఆమె గతమంతా తెలిసే పెళ్ళి చేసుకున్నాడు, ఒక కూతురు కూడా పుట్టింది. తీరా భరణం దగ్గరికి వచ్చేసరికి, మొదటి పెళ్ళి రద్దు కాలేదు కాబట్టి ఆమె చట్టప్రకారం నా భార్యే కాదన్నాడు. హైకోర్టు ఆ వాదనకు తల ఊపింది, కూతురికి మాత్రం భరణం ఉంచింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అన్నీ తెలిసి పెళ్ళి చేసుకుని, కాపురం చేసి, ఖర్చు దగ్గర చట్టాన్ని అడ్డం పెట్టుకోవడం కుదరదంది. మంచి తీర్పే. కానీ ఆ నెలసరి డబ్బు కోసం ఆమె ఢిల్లీ దాకా వెళ్ళాల్సి వచ్చింది. మొదట్లోనే డిక్రీ తీసుకుని ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

ఇద్దరికీ ఇష్టమైతే డిక్రీ తీసుకోవడం అంత కష్టమేమీ కాదు. పరస్పర అంగీకార విడాకులు, మనవాళ్ళు మ్యూచువల్ అంటారే, అది 1976 సవరణతో వచ్చింది. కనీసం ఏడాదిగా వేరుగా ఉండాలి. ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి. తర్వాత ఆరు నెలలు ఆగి, మళ్ళీ వచ్చి మా మాట మారలేదని చెప్పాలి. ఇక రాజీకి ఆశ లేదని, డబ్బూ పిల్లల సంగతీ తేలిపోయాయని తోస్తే ఆ ఆరు నెలల గడువును కోర్టు తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. తగ్గించవచ్చు అంది గానీ తగ్గించి తీరాలనలేదు. డిక్రీ వచ్చేదాకా ఇద్దరిలో ఎవరైనా మనసు మార్చుకోవచ్చు కూడా. అందుకే డబ్బు మొత్తం మొదటి రోజే ఇచ్చేసేవాళ్ళూ, చివరి రోజున చూసుకుందామని కూర్చునేవాళ్ళూ ఇద్దరూ ఇబ్బంది పడతారు. పిటిషన్ రోజున కొంత, రెండోసారి వాంగ్మూలం ఇచ్చే రోజున మిగతాది డీడీ రూపంలో కోర్టులోనే చేతికివ్వడం మంచిది. నగలెన్ని, సామానేమిటి, ఎవరి మీద ఏ కేసు ఉపసంహరించుకోవాలి, పిల్లవాణ్ణి తండ్రి ఏ ఆదివారం చూడాలి, అన్నీ ఆ పిటిషన్‌లో ఉండాలి. నోటిమాటగా అనుకున్నది డిక్రీలోకి రాదు.

ఒకరికే ఇష్టమైతే దారి పొడుగు. క్రూరత్వమో, రెండేళ్ళుగా వదిలేసి వెళ్ళడమో, మరొకరితో సంబంధమో, ఏదో ఒక కారణాన్ని రుజువు చేయాలి. మాకు పడటం లేదు అన్నంత మాత్రాన మామూలు కోర్టు విడాకులు ఇవ్వలేదు. కోలుకోలేనంతగా చెడిపోయిన పెళ్ళిని ఆ కారణం మీదే రద్దుచేయగలిగేది సుప్రీంకోర్టు ఒక్కటే. రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తనకు ఆ అధికారం ఉందని 2023 మే నెలలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ వార్త పేపర్లో చూసి "మాకూ అలా వచ్చేస్తుందా?" అని ఫోన్లు చేసినవాళ్ళున్నారు. జిల్లా కోర్టులో రాదు.

ఇక భరణం. దీని మీదే కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

అందరికీ తెలిసిన పాత పేరు 125 సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాక అది 144వ సెక్షన్ అయింది. పేరే మారింది గానీ పని అదే. భార్య, పిల్లలు, వృద్ధులైన తల్లిదండ్రులు, తమను తాము పోషించుకోలేని స్థితిలో ఉంటే, తాహతు ఉండీ పట్టించుకోని మనిషి మీద ఈ కేసు వేయవచ్చు. విడాకులు కాకముందూ వేయవచ్చు, విడాకులైన స్త్రీ మళ్ళీ పెళ్ళి చేసుకోనంతవరకూ వేయవచ్చు. 2001 దాకా కేంద్ర చట్టంలో ఈ సెక్షన్ కింద నెలకు అయిదువందలు దాటి ఇప్పించడానికి వీల్లేదు. ఆ ఏడు ఆ పరిమితి ఎత్తేశారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయిదువందలతో ఒక మనిషి నెల్లాళ్ళు ఎలా బతుకుతుందనుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

ఎంత వస్తుంది? లెక్క పుస్తకం ఏదీ లేదు. జీతంలో పాతిక శాతం అని జనంలో ఒక మాట తిరుగుతోంది. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు, నికర జీతంలో పాతిక శాతం సబబుగా ఉంటుందంది. అది ఆ కేసు సంగతులకు తగ్గ మాట, అందరికీ కట్టిన ధర కాదు. కోర్టు చూసేది ఆయన ఆదాయం, ఆయన మీద ఆధారపడ్డవాళ్ళు, ఆమె ఆదాయం, కాపురంలో ఉన్నప్పుడు వాళ్ళు బతికిన తీరు, పిల్లల చదువు, అద్దె.

అసలు గొడవంతా ఆయన ఆదాయం దగ్గరే. పెళ్ళిచూపుల్లో లక్షన్నర జీతమని చెప్పిన అబ్బాయి, భరణం కేసులో బాబాయి దుకాణంలో ఎనిమిదివేలకు పద్దులు రాస్తున్నానంటాడు. పెళ్ళిచూపుల్లో ఇంట్లోనే ఉంటానన్న అమ్మాయి ఉద్యోగం చేస్తూ, కేసులో ఆ సంగతి దాచడమూ ఉంది. ఇలాంటివాటి కోసమే 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. దాని ప్రకారం ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, రాబడి, ఖర్చులు ప్రమాణపత్రంలో రాసి కోర్టుకివ్వాలి. జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఈఎంఐలు, పొలాలు, ప్లాట్లు అన్నీ రాయాలి. అబద్ధం రాస్తే అదే వేరే నేరమవుతుంది. ఉద్యోగం మానేశానని చెప్పి తప్పించుకోవాలనుకునే వారికి కూడా ఒక మాట. ఒంట్లో శక్తి ఉన్న మగవాడు కూలిపని చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో మళ్ళీ గట్టిగా చెప్పింది.

"బీటెక్ చదివిందండీ, ఉద్యోగం చేసుకోవచ్చుగా" అన్నది ఇంకో వాదన. సంపాదించగలగడం వేరు, సంపాదిస్తూ ఉండటం వేరు. పెళ్ళయ్యాక పదేళ్ళు పిల్లల్ని పెంచిన మనిషిని కాలేజీ సర్టిఫికెట్ చూపించి పొమ్మనడానికి కోర్టులు ఒప్పుకోవడం లేదు. అలాగని భర్తతో సమానంగా సంపాదించే భార్యకు భరణం రావాలని కూడా లేదు. పిల్లల ఖర్చులో తండ్రి వాటా మాత్రం ఎటూ ఉంటుంది. ఆదాయం లేని భర్త కూడా హిందూ వివాహ చట్టం 24, 25 సెక్షన్ల కింద భార్యను భరణం అడగవచ్చు. 144 కింద మాత్రం అడగలేడు. మగవాళ్ళకేమీ లేదా అని అడిగేవారికి ఇదీ జవాబు.

2020 తీర్పులో మరొక మాట ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా అదే పెద్దది. భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కకట్టాలి, ఆర్డరు వచ్చిన తేదీ నుంచి కాదు. కేసు మూడేళ్ళు నడిస్తే మూడేళ్ళ బాకీ పేరుకుంటుంది. అంటే కేసు వేయకుండా పుట్టింట్లో కూర్చున్న నెలలు పోయినట్టే. పరువు పోతుందని, ఆయనే వచ్చి తీసుకెళ్తాడని, పెద్దమనుషులు ఉగాది దాటాక చూద్దామన్నారని ఆగిన నెలలకు ఎవరూ డబ్బు కట్టరు. కేసు వేయడమంటే కాపురం తెంచుకోవడం కాదు. భరణం కేసు నడుస్తుండగానే రాజీపడి కాపురానికి వెళ్ళినవాళ్ళు ఎందరో ఉన్నారు.

ఆర్డరు వచ్చాక కట్టకపోతే? ఏడాదిలోపు మళ్ళీ పిటిషన్ వేయాలి, ఏడాది దాటిన బాకీని ఆ దారిలో రాబట్టలేం. జీతం జప్తు చేయించవచ్చు. అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు వేయవచ్చు. "లోపలికి పోయొచ్చాను, ఇక బాకీ లేదు" అని దర్జాగా చెప్పేవాళ్ళను చూశాను. జైలు శిక్ష బాకీకి చెల్లు కాదని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది.

ముస్లిం స్త్రీల సంగతికి వస్తే, 1985 నాటి షాబానో తీర్పు, ఆ మరుసటి ఏడు వచ్చిన చట్టం పెద్దలకు గుర్తుండే ఉంటాయి. విడాకులైన ముస్లిం స్త్రీకి ఈ పాత 125 సెక్షన్ వర్తిస్తుందా అన్న సందేహం తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే 2024 జులై 10న తీరింది. ఫ్యామిలీ కోర్టు ఆమెకు నెలకు 20 వేల రూపాయల మధ్యంతర భరణం ఇమ్మంటే, హైకోర్టు దాన్ని 10 వేలకు తగ్గించింది. ఆయన అదీ ఇవ్వనని సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ ధర్మాసనం, ఈ సెక్షన్ ఏ మతం స్త్రీకైనా వర్తిస్తుందని చెప్పి ఆయన అప్పీలు కొట్టేసింది.

ఇంకొక ఎత్తుగడ ఉంది. ఆమె భరణం కేసు వేయగానే ఆయన "నా భార్యను కాపురానికి పంపించండి" అని కేసు వేస్తాడు. హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్ అంటారు దీన్ని. నిజంగా రమ్మనేవాళ్ళు లేరని కాదు, చాలాసార్లు ఉద్దేశం భరణం ఎగ్గొట్టడమే. ఈ సెక్షన్‌కు మన తెలుగునాట ఒక చరిత్ర ఉంది. సినీనటి సరిత కేసులో 1983లో మన హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, ఇష్టం లేని మనిషిని కోర్టు ఆర్డరుతో కాపురానికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని ఆ సెక్షన్‌నే కొట్టేశారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది, సెక్షన్ ఇప్పటికీ ఉంది. నాకైతే చౌదరిగారి మాటే సబబనిపిస్తుంది. ఏమైనా, అలాంటి డిక్రీ ఉన్నంత మాత్రాన, తగిన కారణంతో రాని భార్యకు భరణం పోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ నోటీసు చూసి భయపడనక్కర్లేదు, జవాబు మాత్రం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎక్స్‌పార్టీ చేసేస్తారు, అంటే మీ మాట వినకుండానే కేసు తేల్చేస్తారు.

ఇక ఆస్తి. అబ్బాయి తండ్రి ప్రశ్నకు జవాబిది. మన దేశంలో, గోవాను పక్కన పెడితే, పెళ్ళితోనే ఒకరి ఆస్తిలో ఇంకొకరికి సగం వచ్చే పద్ధతి లేదు. గోవాలో పోర్చుగీసుల నాటి సివిల్ కోడ్ వల్ల దంపతుల ఆస్తి ఉమ్మడి అవుతుంది. మిగతాచోట్ల పత్రం ఎవరి పేరున ఉంటే ఆస్తి వారిది. భర్త ఆస్తిలో కోర్టు భార్యకు వాటా ఇప్పించేలా ఒక బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించింది. లోక్‌సభకు వచ్చేసరికి కాలం చెల్లింది. సినిమాల్లో చూసే "సగం ఆస్తి" అమెరికా కొన్ని రాష్ట్రాల సంగతి. ఇక్కడ ఆయన ఆస్తి ఎంతుందన్నది భరణం ఎంత ఇవ్వాలో తేల్చడానికి పనికొస్తుంది, వాటా పంచడానికి కాదు. ఒకేసారి పెద్ద మొత్తమో, భరణం కింద ఇల్లో పొలమో ఇవ్వడానికి ఒప్పుకుంటే అది వేరు.

అలా భరణం కింద ఇచ్చిన పొలం మాటెత్తితే తులసమ్మ కేసు చెప్పకుండా ఉండలేను. ఇప్పటికీ దేశమంతా ఈ కేసు చదువుతారు. నెల్లూరు ప్రాంతపు ఆమె. 1931లో భర్త పోయాడు. ఉమ్మడి ఆస్తి మరిది చేతిలో ఉంది. 1944లో ఆమె భరణం కోసం కోర్టుకెక్కింది. కోర్టు ఫీజు కట్టే స్తోమత కూడా లేదు. చివరికి 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఇస్తాం, బతికినన్నాళ్ళు అనుభవించు, అమ్మడానికి వీల్లేదు, నీ తర్వాత మళ్ళీ మాకే అన్నారు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. తర్వాత 1960, 61ల్లో ఆమె ఆ ఆస్తిని కౌలుకిచ్చింది, కొంత అమ్మింది. నీకా హక్కు లేదని మరిది దావా వేశాడు. 1977లో సుప్రీంకోర్టు, భరణం ఆమెకు దయతో ఇచ్చింది కాదు, ముందునుంచీ ఉన్న హక్కు, ఆ హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తి చట్టం 14వ సెక్షన్ వల్ల పూర్తిగా ఆమెదైపోయింది, కాగితం మీద ఏ షరతు రాసినా సరే అంది. అన్ని సందర్భాల్లో ఈ సూత్రం ఎంతవరకు పోతుందన్న ప్రశ్నను 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు పెద్ద ధర్మాసనానికి పంపింది. అయినా ఈనాటికీ మన రాజీపత్రాల్లో "జీవితాంతం అనుభవించి" అన్న మాట అలవాటుగా రాసేస్తుంటారు. రాసేముందు ఇద్దరూ ఆలోచించుకోవాలి.

పసుపుకుంకుమ కింద పుట్టింటివాళ్ళు ఇచ్చిన భూమి ఆమెదే. అందులో ఎవరికీ అనుమానం లేదు, రిజిస్టరు చేయించి ఉంటే. నోటిమాటగా "ఆ ఎకరం నీదే తల్లీ" అని, పాసుపుస్తకం అన్న పేరున ఉంచితే అక్కడే తగువు. తండ్రి ఉమ్మడి ఆస్తిలో వాటా కూడా అంతే. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టం ఆ పెళ్ళి షరతు కూడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా జరిగిన పంపకాలను మాత్రం తిరగదోడలేం. "కట్నమిచ్చాం, ఇంకా వాటా ఏంటి" అనే అన్నయ్యల మాటకు చట్టంలో చోటు లేదు. భర్తతో చెడి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లచేత హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించుకోవడం ఈ మధ్య మరీ ఎక్కువైంది. అత్తింటివైపు కేసు గురించి అడగడానికి వచ్చి, మాటల్లో ఆ సంతకం సంగతి బయటపెడతారు.

అత్తవారిల్లు మామగారి పేరున ఉంటే, కోడలికి అందులో వాటా లేదు. కానీ కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు 2005 గృహహింస చట్టం ఇచ్చింది. ఆ ఇల్లు మామగారిదైనా సరేనని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉండే హక్కే అది. అమ్ముకునే హక్కూ కాదు, శాశ్వతమూ కాదు. కోర్టు కావాలంటే అదే స్థాయి వేరే ఇల్లు చూపించమనవచ్చు, అద్దె కట్టమనవచ్చు.

ఇద్దరి పేరునా లోను తీసుకున్న ఫ్లాట్ అయితే విడాకుల డిక్రీతో బ్యాంకుకు పనిలేదు. ఈఎంఐ ఆగితే ఇద్దరికీ నోటీసు వస్తుంది. ఎవరెంత కట్టారో లెక్క తేల్చుకుని, ఒకరు ఇంకొకరికి రిజిస్టర్డు పత్రం రాసివ్వాలి.

నగలు. పెళ్ళిలో ఆమెకు పెట్టిన బంగారం, అటు పెట్టినా ఇటు పెట్టినా, ఆమెదే. అత్తగారి బీరువాలో ఉన్నంత మాత్రాన అత్తగారిది కాదు. దాచమని ఇచ్చిన సొమ్ము ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరమవుతుందని 1985లోనే సుప్రీంకోర్టు అంది. కట్నం ఎవరి చేతికి వెళ్ళినా మూడు నెలల్లో ఆమెకు అప్పగించాలని 1961 నాటి వరకట్న నిషేధ చట్టమే చెబుతోంది. అయితే ఆమెది అంటే ఆమె ఒక్కదానిదే. తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో కూతురి పెళ్ళి 1999లో జరిగింది, 2016లో అమెరికాలో విడాకులయ్యాయి. 2021లో తండ్రి, పెళ్ళినాడు పెట్టిన బంగారం తిరిగివ్వలేదని పాత వియ్యంకుల మీద పోలీసు కేసు పెట్టాడు. కూతురు అడగలేదు, అడగమని తండ్రికి రాసివ్వనూ లేదు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. స్త్రీధనం మీద తండ్రికీ హక్కు లేదు, భర్తకూ లేదు. రుజువు మాత్రం అంతా మూలన పడేసిన కాగితాల మీదే నడుస్తుంది. నగల షాపు బిల్లు, పెళ్ళి వీడియో, లాకరు రసీదు, చదివింపుల పుస్తకం దాచుకోండి.

పిల్లల గురించి చెప్పాల్సింది రెండు మాటల్లో అయిపోతుంది. విడాకులు తల్లిదండ్రులకే, బిడ్డకు కాదు. తండ్రి తాతల ఆస్తిలో బిడ్డ హక్కు ఎక్కడికీ పోదు. బిడ్డ భరణాన్ని రాజీలో వదులుకునే అధికారం తల్లికి లేదు. అయిదేళ్ళలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉంటారు. ఆపైన బిడ్డకు ఏది మేలో అదే చూస్తారు, ఎవరి జీతం ఎక్కువన్నది కాదు.

ఇక విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు. అమెరికా కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లుతాయా? దీనికి దారి చూపింది మన తెలుగు కేసే. 1975లో తిరుపతిలో పెళ్ళయింది. 1978లో విడిపోయారు. ఆయన మిస్సోరి రాష్ట్రంలో తొంభై రోజుల నివాసం చూపించి విడాకులు తెచ్చుకున్నాడు. పెళ్ళి కోలుకోలేనంతగా చెడిందన్నదే కారణం. తర్వాత 1981లో యాదగిరిగుట్టలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య ద్విభార్యత్వం కేసు పెట్టింది. 1991లో సుప్రీంకోర్టు ఆ విదేశీ డిక్రీ చెల్లదంది. పెళ్ళి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టంలో లేని కారణం మీద, ఆమె ఒప్పుకోని కోర్టులో వచ్చిన డిక్రీని ఇక్కడ గుర్తించనక్కర్లేదు. ఆమె తనంతట తాను ఆ కోర్టుకు వెళ్ళి పూర్తిగా వాదించినా, ఇద్దరూ అక్కడ ఒప్పుకుని తీసుకున్నా సంగతి వేరు. కాబట్టి విదేశీ కోర్టు సమన్లు వస్తే చెత్తబుట్టలో వేయకండి, తొందరపడి సంతకం పెట్టి పంపనూ వద్దు. ఆ కోర్టుకు అధికార పరిధి లేదని అభ్యంతరం చెబుతూ జవాబివ్వడం ఎలాగో ముందు వకీలును కనుక్కోండి. ఇక్కడ ఉన్న భార్య, తాను ఉన్న ఊరి కోర్టులోనే విడాకుల కేసు వేసుకోవచ్చు. 2003 సవరణతో వచ్చిన సౌకర్యమిది.

ఖర్చు మాట అడుగుతారు. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఉద్యోగస్తురాలైనా సరే. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టుల దగ్గర జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. కొట్టడం, గెంటేయడం లాంటివి జరుగుతుంటే 181కి చేయండి. న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళేటప్పుడు పెళ్ళి ఫొటో, ఆధార్, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, ఆయన ఉద్యోగం వివరాలు ఎంత తెలిస్తే అంత రాసి పట్టుకెళ్ళండి. పెద్దమనుషుల దగ్గర ఇదివరకే ఏదైనా కాగితం రాసుకుని ఉంటే, అది చెల్లదని నేనన్నానని ఇంట్లో వదిలేయకండి. దాని జెరాక్సు కూడా తీసుకెళ్ళి, అన్నిటికన్నా ముందు వకీలుకు అదే చూపించండి.